ఇనుప బ్యాటరీ డైరీ: వారం ఆగితే ఎంత మిగులుతుంది?

1వ వారం, సోమవారం

ఈ రోజు నుంచి డైరీ రాస్తున్నాను. రీడింగులు ఎలాగూ ప్రయోగశాల రిజిస్టరులోకి ఎక్కుతాయి. కానీ ఆ అంకె ఎందుకు వచ్చింది, ఆ పూట మేం ఏమనుకున్నాం, ఎవరు ఏం అడిగారు అన్నవి రిజిస్టరులో ఉండవు. ఆరు నెలల తర్వాత నివేదిక రాసేటప్పుడు అవే కావలసి వస్తాయి.

పని ఇది: మొత్తం ఇనుముతోనే నడిచే ఫ్లో బ్యాటరీని బల్ల మీద నిలబెట్టాలి. అది ఎక్కడ నష్టపోతోందో కొలవాలి. మామూలు బ్యాటరీలో శక్తిని దాచే పదార్థమంతా డబ్బా లోపలే ఉంటుంది. ఫ్లో బ్యాటరీలో అది ద్రావణంగా బయటి ట్యాంకుల్లో ఉంటుంది, పంపులు దాన్ని సెల్ గుండా తిప్పుతుంటాయి. మా సెల్‌లో రెండు వైపులా ఫెర్రస్ క్లోరైడ్ ద్రావణమే. ఛార్జి చేస్తే ధన ధ్రువం దగ్గర ఫెర్రస్ అయాను ఒక ఎలక్ట్రాన్‌ను వదిలి ఫెర్రిక్ అవుతుంది. రుణ ధ్రువం దగ్గర అదే ఫెర్రస్ అయాను రెండు ఎలక్ట్రాన్లను తీసుకుని ఇనుప లోహంగా పలకకు పూతలా పడుతుంది. వాడుకునేటప్పుడు ఆ పూత కరిగి మళ్లీ ద్రావణంలో కలుస్తుంది. సిద్ధాంతం ప్రకారం సెల్ ఓల్టేజీ 1.21.

ఇనుము మీదే ఎందుకు పడ్డాం? భూమి పైపొరలో బరువు ప్రకారం సుమారు 5 శాతం ఇనుమే. ద్రావణం నీటితో చేసింది కాబట్టి నిప్పంటుకోదు. 1981లోనే హ్రుస్కా, సావినెల్ ఈ బ్యాటరీ పనితీరు మీద పరిశోధన పత్రం ప్రచురించారు. అయినా ఇన్నేళ్లలో ఇది వాడుకలోకి రావలసినంత రాలేదు. అందుకు కారణాలు పుస్తకాల్లో చదివాను. ఇప్పుడు చేతులతో చూడాలని ఉంది.

పగటి ఎండను రాత్రికి దాచుకోలేకపోతే సౌర విద్యుత్తు సగం పనే చేసినట్టు. 2024లో బాకూలో జరిగిన కాప్29 వాతావరణ సదస్సు సందర్భంగా ఒక ప్రతిజ్ఞ వెలువడింది: 2030 నాటికి ప్రపంచంలో విద్యుత్ నిల్వ సామర్థ్యం 1,500 గిగావాట్లకు చేరాలి. అంటే 2022 నాటి స్థాయికి ఆరు రెట్లకు పైగా పెరగాలి. అంత నిల్వను ఒకే రకం బ్యాటరీతో సమకూర్చుకోవడం తెలివైన పని కాదని నా నమ్మకం.

1వ వారం, గురువారం

సెల్ బిగించాం. రెండు గ్రాఫైట్ పలకలు, ధన ధ్రువం వైపు కార్బన్ ఫెల్ట్, మధ్యలో రెండు వైపుల ద్రావణాలను వేరుచేసే పొర, చుట్టూ రబ్బరు గాస్కెట్లు, ఎనిమిది బోల్టులు. విద్యుత్తు మారే వైశాల్యం 25 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో ట్యాంకులో పావు లీటరు ద్రావణం, లీటరుకు ఒక మోల్ గాఢత.

బోల్టులు బిగించడంలోనే సగం పూట పోయింది. ఒక మూల ఎక్కువ బిగిస్తే గ్రాఫైట్ పలక పగులుతుంది, తక్కువ బిగిస్తే ద్రావణం కారుతుంది. వర్క్‌షాపు మెకానిక్ వచ్చి, ఎదురెదురు బోల్టులను జతలుగా తీసుకుని, ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా మూడు విడతల్లో బిగించే పద్ధతి చూపించారు. "చక్రం బిగించినట్టే, తొందరపడొద్దు" అన్నారు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ ఎందుకుందో ఆయన చేతుల్లో చూశాకే అర్థమైంది.

2వ వారం

నీళ్లతో నడిపి చూశాం, కారలేదు. ద్రావణం పోశాం, కారింది. పై బోల్టు పక్కన లేత ఆకుపచ్చ చుక్క ఒకటి ఊరి, గంటలో గోధుమ రంగుకు తిరిగింది. గాస్కెట్ మార్చి మళ్లీ బిగించాం. ఇక రాయడానికేమీ లేదు.

3వ వారం, మంగళవారం

ఈ వారం చేసిన పని నాకు చాలా నచ్చింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

సెల్‌ను ఛార్జి, డిశ్చార్జి చేస్తూ కొలిచే సైక్లర్ యంత్రం తెర మీద సామర్థ్యం అంకె కనిపిస్తుంది. అది ఎక్కడ తగ్గుతోందో మాత్రం చెప్పదు. మా బృందాన్ని నడిపించే మేడమ్ ఒక మాట అన్నారు: "ఇనుము పూతగా పడుతోంది కదా, తూచి చూడు." ఇంత సులువైన పని నాకు తట్టలేదు. ఫారడే నియమం ప్రకారం ఒక ఆంపియర్-అవర్ విద్యుత్తు సరిగ్గా పూతకే పోతే 1.04 గ్రాముల ఇనుము పడాలి. ఒక ఆంపియర్ చొప్పున రెండు గంటలు ఛార్జి చేస్తే 2.08 గ్రాములు.

అలాగే చేశాం. ఛార్జి ముగియగానే సెల్ విప్పి, పలకను ఆమ్లపు నీటితో ఒకసారి, ఆల్కహాలుతో ఒకసారి కడిగి, నైట్రోజన్ ఊదుతూ ఆరబెట్టాం. పూత బూడిద రంగులో, సన్నటి ఇసుక కాగితంలా గరుకుగా ఉంది. లెక్క ప్రకారం మందం మిల్లీమీటరులో పదో వంతు. అంచుల దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ పడింది. తూకం వేసేసరికి ఒక మూల అప్పుడే తుప్పు రంగుకు మారడం మొదలైంది. తడి ఇనుముకు గాలి తగిలితే అది నిమిషాలైనా ఆగదు.

తూకం 1.86 గ్రాములు. 0.22 గ్రాముల ఇనుము పడలేదు. మరి ఆ విద్యుత్తు ఎటు పోయింది?

హైడ్రోజన్‌గా పోయింది. రుణ ధ్రువం దగ్గర ఇనుము పూతపడే ఓల్టేజీలో, ద్రావణంలోని ఆమ్లం నుంచి హైడ్రోజన్ విడుదల కావడానికి కూడా అవకాశం ఉంటుంది. రెండూ పోటీ పడతాయి. మేం ముందే రుణ ధ్రువం ట్యాంకు మూత నుంచి సన్న గొట్టం తీసి, నీళ్ల తొట్టిలో బోర్లించిన కొలజాడీ కిందికి పెట్టాం. లెక్క ప్రకారం 96 మిల్లీలీటర్ల వాయువు రావాలి. జాడీలో 88 చేరింది. మిగతా 8 మిల్లీలీటర్లు గొట్టం అతుకుల్లో, ట్యాంకు మూత కింద ఉండిపోయి ఉంటాయి. తక్కెడ చెప్పిన నష్టం, జాడీ చెప్పిన నష్టం ఇంత దగ్గరగా రావడం చూసి పీజీ విద్యార్థిని ఆ జాడీ దగ్గరే చాలాసేపు నిలబడిపోయింది. బుడగలు ఒక్కొక్కటే పైకి పోతుంటే "మనం పెట్టిన కరెంటు ఇలా కళ్ల ముందే పోతోందా, మేడమ్?" అని అడిగింది.

హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత కలిసినా అంటుకోగలదు. అందుకే ఈ పనంతా వాయువులను బయటికి లాగే పొగగూడు కింద, ఫ్యాను నడుస్తుండగానే చేస్తున్నాం. జాడీలోది కొద్దిపాటి వాయువే అయినా నియమం నియమమే.

3వ వారం, శనివారం

ద్రావణాన్ని 45 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి, రుణ ధ్రువం వైపు ఆమ్లత్వాన్ని చెప్పే పీహెచ్‌ను 3 దగ్గర నిలిపాం. అదే రెండు గంటల ఛార్జికి పూత 1.95 గ్రాములు వచ్చింది. వెంటనే డిశ్చార్జి చేస్తే 2 ఆంపియర్-అవర్లలో 1.74 తిరిగి వచ్చాయి. అంటే 87 శాతం. పూతంతా వెనక్కి రాలేదు, కొంత రాలి ట్యాంకు అడుగుకు చేరింది.

4వ వారం

నిధుల ప్రకటన వచ్చింది. స్వచ్ఛ ఇంధన పరిశోధనకు, విశ్వవిద్యాలయ బృందాల కోసం. మొదట మూడు పేజీల సంక్షిప్త ప్రతిపాదన. అది నచ్చితే పూర్తి ప్రతిపాదనకు పిలుస్తారు. ఇప్పటి వరకు మేం విశ్వవిద్యాలయం ఇచ్చిన చిన్న ప్రారంభ నిధితోనే నెట్టుకొస్తున్నాం. అది ఈ ఏడాదితో అయిపోతుంది.

ఇలాంటి ప్రకటనను ఎలా చదవాలో మేడమ్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆవిడ మొదట చూసింది మొత్తం ఎంత అని కాదు. ఎన్ని నెలలకు ఇస్తారు, జీతాలకు ఎంత వాటా వాడుకోవచ్చు, విశ్వవిద్యాలయ పరోక్ష ఖర్చులకు ఎంత పోతుంది, బయటి భాగస్వామి తప్పనిసరా, సాంకేతిక సంసిద్ధత ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి తేవాలంటున్నారు. ఈ సంసిద్ధత కొలబద్ద 1970లలో నాసాలో పుట్టింది. ఇప్పుడు 1 నుంచి 9 వరకు మెట్లుగా లెక్కిస్తారు. మూల సూత్రం కనబడితే 1, ప్రయోగశాలలో భావన రుజువైతే 3, విడిభాగాలు కలిసి ప్రయోగశాలలో పనిచేస్తే 4, అసలైన వాడుక లాంటి పరిస్థితుల్లో పనిచేస్తే 5. ప్రకటన 4 నుంచి 6కు తీసుకెళ్లే పనులు కావాలంటోంది. మా సెల్ ఇవాళ నిజాయతీగా చూస్తే 3 దాటి 4 గుమ్మంలో ఉంది.

ప్రభుత్వాల డబ్బు ఈ వైపు రావడం కొత్త కాదు. 2015లో పారిస్ సదస్సు సమయంలో మొదలైన మిషన్ ఇన్నోవేషన్‌లో 20 దేశాలు స్వచ్ఛ ఇంధన పరిశోధనకు ఇచ్చే ప్రభుత్వ నిధులను అయిదేళ్లలో రెట్టింపు చేస్తామన్నాయి. యూరప్ సమాఖ్య 2021-2027 పరిశోధన కార్యక్రమం హొరైజన్ యూరప్ తన ఖర్చులో 35 శాతాన్ని వాతావరణ లక్ష్యాలకు కేటాయించాలని పెట్టుకుంది. నాకు ఆందోళన కలిగించేది మొత్తం కాదు, గడువు. చాలా పథకాలు రెండు, మూడేళ్లకు ముగుస్తాయి. బ్యాటరీ మీద అడగవలసిన అతి ముఖ్యమైన ప్రశ్నలకు జవాబు చెప్పేది కాలమే.

చరిత్ర చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. లిథియం బ్యాటరీ మీద విట్టింగ్‌హామ్ పని 1970లది, గుడినఫ్ కోబాల్ట్ ఆక్సైడ్ 1980ది, యోషినో నమూనా 1985ది. సరుకుగా అంగట్లోకి వచ్చింది 1991లో. నోబెల్ వచ్చింది 2019లో. ఇటీవలి దాకా ఎక్కువ సౌర ఫలకాలకు ఆధారంగా ఉన్న పెర్క్ సెల్ ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గ్రీన్ బృందం చేతుల్లో 1980లలో రూపుదిద్దుకుంది. కర్మాగారాల్లో అది విస్తరించింది 2010ల తర్వాతే. వనేడియం ఫ్లో బ్యాటరీ కూడా అదే విశ్వవిద్యాలయంలో, అదే దశాబ్దంలో మరియా స్కిల్లాస్-కజాకోస్ బృందం తయారు చేసింది. పెరోవ్‌స్కైట్ సౌర సెల్ 2009లో జపాన్‌లో 3.8 శాతం సామర్థ్యంతో మొదలై, ఇప్పుడు 25 శాతం దాటింది. అయినా అందరూ దాన్ని అడిగేది ఎన్నేళ్లు మన్నుతావు అనే. మొదటి రోజు సామర్థ్యం పత్రిక శీర్షికకు ఎక్కుతుంది. వెయ్యో రోజు సామర్థ్యమే ఇంటికి వెలుగిస్తుంది.

5వ వారం, బుధవారం

ఉదయం పంపు శబ్దం మారింది. ఎప్పుడూ ఒకే లయలో టకటకలాడేది, ఇవాళ బరువుగా ఆగి ఆగి కొడుతోంది. చూస్తే రుణ ధ్రువం వైపు గొట్టం ఉబ్బి ఉంది. ఆపి, సెల్ విప్పాం.

పొర మీద తుప్పు రంగు బురద. వేలితో తీస్తే జిగురుగా, మెత్తగా ఉంది. ఫెర్రిక్ హైడ్రాక్సైడ్. ఎలా వచ్చిందో తేలికగానే అర్థమైంది. హైడ్రోజన్ పోయిన కొద్దీ రుణ ధ్రువం వైపు ఆమ్లత్వం తగ్గుతుంది, పీహెచ్ పెరుగుతుంది. పొర దాటి ఇటు చేరిన ఫెర్రిక్ అయాన్లు ఆ పీహెచ్ దగ్గర కరిగి ఉండలేవు. రాత్రి పీహెచ్ మీటరు తీగ వదులై నియంత్రణ ఆగింది. ఉదయానికి 4 దాటింది. మూడో వారంలో జాడీలోకి పోయిన బుడగలే ఈ బురదకు మూలం. ఆ బుడగల్ని నష్టంగా మాత్రమే లెక్కేశాం. అవి వెళ్తూ ద్రావణాన్ని కూడా పాడుచేస్తున్నాయి.

పరిష్కారం సూత్రంగా తెలుసు. పోయే హైడ్రోజన్‌ను పట్టి, ఉత్ప్రేరకం సాయంతో ధన ధ్రువం వైపు ఫెర్రిక్ ద్రావణంతో కలిపితే, ఒక్కో హైడ్రోజన్ అణువు రెండు ఫెర్రిక్ అయాన్లను ఫెర్రస్‌గా మార్చి, పోయిన ఆమ్లాన్ని తిరిగి ఇస్తుంది. లెక్క రెండు వైపులా సరిపోతుంది. దానికి ఇంకో చిన్న సెల్ కట్టాలి. ఆ పనే సంక్షిప్త ప్రతిపాదనలో ప్రధాన లక్ష్యంగా రాశాం. 87 శాతం అంకె మొదటి పేజీలో పెట్టి, శుక్రవారం రాత్రికి పంపించేస్తాం.

6వ వారం, శనివారం

విశ్వవిద్యాలయంలో వాతావరణ పరిష్కారాల మీద ప్రజలతో ముఖాముఖి. ప్రతి విభాగం ఒక బల్ల పెట్టింది. మా బల్ల మీద సెల్, రెండు ట్యాంకులు, పక్కన ఓల్టేజీ చూపే మీటరు. ముందు రోజు ఛార్జి చేసి తెచ్చాం. మీటరు మీద 1.18 కనిపిస్తుంటే పిల్లలు చిన్న బల్బు వెలిగించి చూస్తున్నారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు వచ్చి అడిగారు: "ఇవన్నీ వస్తే ఎండలు తగ్గుతాయా, అమ్మా?" విద్యార్థిని నా వైపు చూసింది. ఉన్నదున్నట్టు చెప్పాను. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల భాగాలకు సుమారు 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. అందులో చాలా భాగం శతాబ్దాలు ఉండిపోతుంది. మనం విడుదల చేసేది నికరంగా సున్నాకు చేరితే వేడి పెరగడం దాదాపు ఆగుతుంది. పాత చల్లదనం మాత్రం వెంటనే తిరిగి రాదు. ఆయన తల ఊపి, "ఆపగలిగితే అదే చాలు, చెప్పండి మరి" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఉత్సాహంగా కనిపించడం కోసం అబద్ధం చెప్పకపోవడం మంచిదైంది. ఆయన గంటసేపు వదల్లేదు.

తర్వాత వచ్చిన వ్యక్తి ఒక ఆసుపత్రిలో విద్యుత్ వ్యవస్థ చూసుకునే ఉద్యోగి. ఆయన సెల్ చుట్టూ ఒకసారి తిరిగి, బోల్టులు చూసి, గొట్టాల అతుకులు చూసి, నెమ్మదిగా అడిగారు.

"ఛార్జి చేసి వారం రోజులు ముట్టుకోకుండా వదిలేస్తే ఎంత మిగులుతుంది?"

నేను మీటరు చూపించి, నిన్న ఛార్జి చేశామండీ, ఇంకా 1.18 ఉంది అన్నాను.

"అది ఓల్టేజీ కదండీ. ఓల్టేజీ చూసి చెబుతున్నారా, వాడి చూసి చెబుతున్నారా?"

నా దగ్గర జవాబు లేదు. ఆసుపత్రిలో నిల్వ విద్యుత్తు అవసరం పడేది ఎప్పుడో ఒకసారి, కానీ ఆ రోజు అది ఉండి తీరాలి అని ఆయన వివరించారు. పాత బ్యాటరీ గది ఒకటి మీటరు బాగానే చూపిస్తూ, అవసరం వచ్చిన రాత్రి పది నిమిషాల్లో చేతులెత్తేసిన అనుభవం చెప్పారు. మేం ఎప్పుడూ ఛార్జి చేసిన వెంటనే డిశ్చార్జి చేస్తున్నాం. అయిదు వారాల రిజిస్టరులో విరామం అన్న మాటే లేదు.

ఆయన ఫోను నంబరు తీసుకున్నాను. పరీక్ష చేసి ఫలితం చెబుతానని మాటిచ్చాను.

7వ, 8వ వారాలు

విరామ పరీక్షలు. ఒకేలాంటి మూడు సెల్స్ బిగించాం. ప్రతిదానికీ 2 ఆంపియర్-అవర్లు పెట్టి, ఆపి, తర్వాత ఎంత తిరిగి వస్తుందో కొలిచాం.

వెంటనే డిశ్చార్జి: 1.74.
24 గంటల విరామం, పంపులు నడుస్తూ: 1.02.
24 గంటల విరామం, పంపులు ఆపి: 1.45.
ఏడు రోజుల విరామం, పంపులు ఆపి: 0.31.

ఏడో రోజు ఉదయం డిశ్చార్జి మొదలుపెట్టే ముందు మీటరు చూశాను. 1.16 ఉంది. ఛార్జి చేసిన రోజు కంటే 0.02 ఓల్టులు మాత్రమే తక్కువ. స్విచ్ వేశాం. పద్దెనిమిది నిమిషాలు దాటిన కాసేపటికి ఓల్టేజీ నేలకు పడిపోయింది.

ఇది ఎందుకిలా జరిగిందో రాసి తీరాలి. రుణ ధ్రువం మీద ఇనుము రెండు గ్రాములున్నా, చిటికెడున్నా, దాని ఓల్టేజీ దాదాపు ఒకటే. లోహం ఉన్నంతసేపూ మీటరు ఉంది అనే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. ఈలోగా రెండు దారుల్లో ఇనుము కరిగిపోతోంది. ఒకటి, ఆమ్లంలో మెల్లగా తుప్పుపట్టినట్టు కరిగి హైడ్రోజన్‌ను వదలడం. రెండోది, పొర దాటి వచ్చే ఫెర్రిక్ అయాన్లు ఇనుమును తాకి, రెండు ఫెర్రిక్, ఒక ఇనుప పరమాణువు కలిసి మూడు ఫెర్రస్ అయిపోవడం. పంపు నడుస్తుంటే రెండో దారికి సరఫరా ఆగదు. అందుకే పంపు నడిచిన సెల్ అంత త్వరగా ఖాళీ అయింది.

మీటరు మీద తెల్ల కాగితం అంటించి, "ఇది మిగులు కాదు" అని విద్యార్థిని పెద్ద అక్షరాలతో రాసింది. ఆ కాగితం ఇప్పటికీ తియ్యలేదు.

9వ, 10వ వారాలు

సంక్షిప్త ప్రతిపాదన నెగ్గింది. పూర్తి ప్రతిపాదన పంపమని ఉత్తరం వచ్చింది.

సంతోషం ఒక పూటే. 0.31ని ఏం చెయ్యాలి? పక్క విభాగంలోని మిత్రుడు సలహా ఇచ్చాడు: "వాళ్లు విరామం గురించి అడగలేదు కదా. 87 శాతంతో వెళ్లండి, ఇది రెండో ఏడాది పనిలో కలుపుకోండి." మంచి మనసుతోనే అన్నాడు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు వస్తుందా రాదా అన్నది ఒక బాధ. ఆ డబ్బుతో మూడేళ్లు పనిచేసి, చివర్లో ఆ ఆసుపత్రి ఉద్యోగి ముందు నిలబడి ఏం చెబుతాం అన్నది ఇంకా పెద్ద బాధ.

మేడమ్ దగ్గర తేల్చేశాం. పట్టిక మొత్తం పెడదాం అన్నారు. అయితే సమస్యతో పాటు ఒక ప్రయత్నం కూడా ఉండాలి అన్నారు.

ప్రయత్నం ఇలా సాగింది. విరామంలో ఇనుమును తినేది ద్రావణమే అయితే, విరామంలో ద్రావణాన్ని సెల్‌లో ఉంచడమెందుకు? ఛార్జి ముగియగానే పంపులను వెనక్కి తిప్పి రెండు వైపులా ఖాళీ చేశాం. రుణ ధ్రువం వైపు ఫెర్రిక్ లేని తాజా ఫెర్రస్ ద్రావణంతో ఒకసారి కడిగి, అదీ తీసేసి, నైట్రోజన్ నింపి మూశాం. ఏడు రోజుల తర్వాత ద్రావణం తిరిగి పోసి డిశ్చార్జి చేస్తే 1.49 వచ్చింది.

ఒక్క రీడింగ్ మీద నమ్మకం కుదరదని అదే వారం రెండో సెల్‌తోనూ చేశాం. 1.44. మూడో సెల్ గాస్కెట్ దగ్గర గాలి చొరబడి పూతంతా ఎర్రగా తుప్పుపట్టింది, 0.6 దగ్గర ఆగింది. మూడూ పట్టికలో పెట్టాం, ఎర్రబడిన పలక ఫొటోతో సహా.

10వ వారం, చివర

ప్రతిపాదన రాయడంలో నేను నేర్చుకున్నవి కొన్ని ఇక్కడ పెడుతున్నాను. మళ్లీ రాసే రోజున నాకే పనికొస్తాయి.

బడ్జెట్‌లో మొదట కొత్త సూక్ష్మదర్శిని అడగాలనుకున్నాం. దాన్ని తీసేసి, దీర్ఘకాల పరీక్షల బల్లను రోజూ చూసుకునే ఒక సాంకేతిక సహాయకుడి జీతం పెట్టాం. విశ్వవిద్యాలయాల్లో దీర్ఘ పరీక్షలు మధ్యలో చచ్చిపోవడానికి కారణం చాలాసార్లు యంత్రం కాదు. పరీక్ష మొదలుపెట్టిన విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు, తర్వాత వచ్చిన వాళ్లకు ఆ తీగలు ఎందుకున్నాయో తెలియదు.

బయటి భాగస్వామిగా పెద్ద సంస్థ పేరు కోసం వెతకలేదు. ఆసుపత్రి ఉద్యోగి తమ యాజమాన్యాన్ని ఒప్పించి ఒక ఉత్తరం పంపారు. అందులో పొగడ్తలు లేవు. వాళ్ల నిల్వకు ఉండవలసిన లక్షణాలు ఉన్నాయి: ఎన్ని రోజులు ఆగాలి, పిలిస్తే ఎంతసేపట్లో స్పందించాలి, ఎవరు మరమ్మతు చెయ్యగలగాలి. ఖాళీ చేసిన సెల్ మళ్లీ నిండి పనిలోకి రావడానికి మాకు నాలుగు నిమిషాలు పడుతోంది. ఆ నాలుగు నిమిషాలు ఇంకో చిన్న బ్యాటరీ భరించాలని ఆ ఉత్తరం చదివాకే ప్రణాళికలో కలిపాం.

సంసిద్ధత స్థాయి 4 అని రాశాం. 5 అని రాయడానికి చెయ్యి రాలేదు.

11 నుంచి 15వ వారం

ఎదురుచూపు. ఈలోగా హైడ్రోజన్‌ను తిరిగి కలిపే చిన్న సెల్ కట్టాం. ప్లాటినం పూసిన కార్బన్ గుడ్డ, ఒక వైపు వాయువు, ఒక వైపు ఫెర్రిక్ ద్రావణం. మొదటి రెండుసార్లు గుడ్డ పూర్తిగా తడిసిపోయి వాయువుకు దారి లేకుండా పోయింది. మూడోసారి గుడ్డకు నీరంటని పూత వేశాం. పీహెచ్ రెండు రోజులు ఆమ్లం కలపకుండానే 3 చుట్టూ నిలిచింది. రుణ ధ్రువం ట్యాంకు అడుగున బురద లేదు. అద్దంలా ఉన్న లేత ఆకుపచ్చ ద్రావణం అడుగు దాకా కనిపిస్తుంటే పనంతా ఆపి కాసేపు చూస్తూ ఉండిపోయాను.

16వ వారం, సోమవారం

సమీక్షలు వచ్చాయి. ముగ్గురు నిపుణులు. మొదటివారు లిథియం బ్యాటరీ 90 శాతానికి పైగా తిరిగి ఇస్తుంటే ఇది ఎందుకు అని గట్టిగా అడిగారు. న్యాయమైన ప్రశ్నే. గంటల నిల్వకు లిథియంతో పోటీ పడలేం, రోజుల నిల్వకు ట్యాంకు పెంచుకుంటూ పోగల బ్యాటరీ వేరే లెక్క అన్న మా వాదన ప్రతిపాదనలో బలంగా రాలేదు. రెండోవారు విరామ ఫలితాన్ని వేరే ప్రయోగశాలలో ఎవరైనా చేసి చూపించాలన్నారు. మూడోవారు రాసింది రెండే వాక్యాలు. ఎర్రబడిన పలక ఫొటో చూశాక మిగతా అంకెలను నమ్మానని అందులో ఒకటి.

అడిగిన మూడేళ్లకు బదులు పద్దెనిమిది నెలలకు ఇచ్చారు. తొంభై రోజుల విరామ పరీక్ష, అదీ బయటి ప్రయోగశాల ధ్రువీకరణతో చూపిస్తే మిగతాది. సహాయకుడి జీతం మిగిలింది. ప్రయాణాలకు పెట్టింది పూర్తిగా కోసేశారు.

16వ వారం, శుక్రవారం

తొంభైకి ముందు ముప్పై రోజుల పరీక్ష. మూడు సెల్స్‌కు కొత్త గాస్కెట్లు వేశాం. మెకానిక్ దగ్గరుండి బోల్టులు బిగించారు. ఛార్జి చేసి, ఖాళీ చేసి, కడిగి, నైట్రోజన్ నింపి, మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలకు కవాటాలు మూశాం.

మాటిచ్చిన ప్రకారం ఆసుపత్రి ఉద్యోగిని పిలిచాను. డ్యూటీ ముగించుకుని సాయంత్రం వచ్చారు. 0.31 కథ ఆయనకు ఫోనులో అప్పుడే చెప్పాను. ఇప్పుడు పట్టిక మొత్తం చూపించాను. మీటరు మీద అంటించిన కాగితాన్ని చదివి, వేలితో దాని మూలను సరిచేసి అంటించారు.

ముప్పయ్యో రోజున ఎంత వస్తుందో అందరం బోర్డు మీద రాశాం. విద్యార్థిని 1.35. నేను 1.10. మేడమ్ 1.20. ఆయన సుద్దముక్క పట్టుకుని చాలాసేపు ఆలోచించి 0.90 రాసి, పక్కన తేదీ వేశారు.